మీకు తెలుసా? అడవికి చెట్ల లెక్క కాదు, రకాల లెక్క ముఖ్యం

వేములవాడలో రాజన్న దర్శనం చేసుకొని జగిత్యాల మీదుగా ధర్మపురి చేరి, అక్కడ గోదావరి దాటి లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు దారి పడితే రోడ్డుకు రెండు పక్కలా అడవి కమ్ముకుంటుంది. బస్సు కిటికీలోంచి చూస్తే అంతా ఒకటే పచ్చదనం. దిగి నాలుగడుగులు లోపలికి వేస్తే ఆకు మారుతుంది, బెరడు మారుతుంది, కాయ మారుతుంది. ఏ రకం చెట్టు ఎక్కడ నిలబడాలో నిర్ణయించేది ఎవరు? ఒకచోట వందల రకాలు, మరోచోట పదుల రకాలే ఎందుకు? అమెజాన్ వాన అడవి నుంచి మన ఆదిలాబాద్ గుట్టల దాకా ఈసారి చెట్ల సంగతులు.

భూమి మీద ఎన్ని రకాల చెట్లున్నాయి?

2017లో ప్రపంచ వృక్షోద్యానాల సంఘం ఒక జాబితా వేసింది. అందులో తేలిన చెట్ల జాతులు 60,065. ఐదేళ్ల తర్వాత, 2022లో, పలు దేశాల శాస్త్రవేత్తలు అడవుల లెక్కలన్నీ కలిపి మరో అంచనా వేశారు. దాని ప్రకారం మొత్తం జాతులు సుమారు 73,000. వాటిలో దాదాపు 9,000 రకాలను శాస్త్రం ఇంకా చూడనే లేదని ఆ అంచనా. ఆ చూడనివాటిలో సుమారు 40 శాతం దక్షిణ అమెరికా అడవుల్లోనే ఉంటాయట. మనిషి చంద్రుడి మీద నడిచి అర్ధ శతాబ్దం దాటింది. కాళ్ల కింది నేల మీద నిలబడ్డ చెట్ల పేర్లు మాత్రం ఇంకా పూర్తిగా రాసుకోలేదు.

రెండున్నర ఎకరాల్లో 300 రకాలు

పెరూ దేశంలో ఇకిటోస్ పట్టణానికి దగ్గర్లోని వాన అడవిలో ఆల్విన్ జెంట్రీ అనే వృక్షశాస్త్రవేత్త ఒక హెక్టారు కొలిచి, అందులోని చెట్లను ఒక్కొక్కటిగా గుర్తించాడు. ఆ వివరాలు 1988లో అచ్చయ్యాయి. సుమారు 600 చెట్లు లెక్కకు వస్తే వాటిలో 300 దాకా రకాలు తేలాయి. అంటే సగటున ప్రతి రెండో చెట్టూ కొత్త రకమే. ఈక్వెడార్‌లోని యసుని అడవిలో 25 హెక్టార్లలోనే 1,100 రకాలు దొరికాయి.

ఇప్పుడు మన వైపు రండి. తమిళనాడులోని ముదుమలై అడవిలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు 1988లో 50 హెక్టార్లు గుర్తించి, వేలి మందం మొక్క మొదలు మహావృక్షం దాకా అన్నింటికీ నంబర్లు వేశారు. ఏటా వెళ్లి ఏది బతికిందో, ఏది పోయిందో రాసుకుంటున్నారు. అంత పెద్ద జాగాలో కనిపించినవి 70 పైచిలుకు రకాలే. ఆ జాబితాలో టేకు, నల్లమద్ది, తిర్మన్, రేల ఉన్నాయి. అన్నీ మన ఆదిలాబాద్ వాళ్లకు తెలిసిన చెట్లే. ముదుమలైలాగే మనదీ ఆకురాల్చే అడవి.

రకాలు తక్కువన్నంత మాత్రాన ఈ అడవి విలువ తక్కువ కాదు. ఏడు నెలల పాటు పెద్దగా వాన పడని చోట నిలబడి బతకగల చెట్లు కొన్నే ఉంటాయి. ఆ కొన్నింటిలో ఒక్కటి పోయినా దాని చోటు నింపే చెట్టు దొరకడం కష్టం. కాబట్టి మన అడవిలో ప్రతి రకమూ మరింత విలువైనది.

తల్లి నీడలో బిడ్డ ఎందుకు బతకదు?

వాన అడవిలో అన్ని రకాలు ఒక్కచోట ఎలా ఇముడుతున్నాయి? బలమైనది మిగతావాటిని తొక్కేయాలి కదా? ఈ చిక్కుముడికి 1970లో డేనియల్ జాన్‌జెన్, 1971లో జోసెఫ్ కానెల్ ఎవరికి వారే ఒకే జవాబు చెప్పారు. ఒక పెద్ద చెట్టు ఉన్నచోట దాని మీద బతికే పురుగులు, బూజులు, తెగుళ్లు కూడా పోగవుతాయి. ఆ చెట్టు గింజలు దాని కిందే రాలి మొలిస్తే ఆ పురుగులకు లేత మేత దొరికినట్టే. ఆ పిల్లమొక్కలు చాలావరకు చస్తాయి. పిట్టో, గబ్బిలమో, కోతో దూరంగా మోసుకెళ్లి పడేసిన గింజ మాత్రం బతుకుతుంది. తల్లి చెట్టు కింద ఖాళీ అయిన చోటులో వేరే రకం లేస్తుంది. ఇలా ఏ ఒక్క జాతీ అడవినంతా ఆక్రమించకుండా ఆ చిన్న పురుగులే కాపలా కాస్తాయి.

పురుగుకు ఏడాది పొడవునా తేమ, వెచ్చదనం కావాలి. అందుకే వాన అడవిలో ఈ కాపలా జోరుగా సాగుతుంది. మన ఎండు అడవిలో ఏది బతకాలో చాలావరకు ఎండ, కరువు, నిప్పు తేలుస్తాయి.

కొండ ఎక్కుతుంటే అడవి మారిపోతుంది

1802లో జర్మన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ ఈక్వెడార్‌లోని చింబొరాజో కొండ ఎక్కుతూ, ఎంత ఎత్తులో ఏ మొక్క కనిపించిందో రాసుకుంటూ పోయాడు. 1807లో అచ్చయిన ఆయన చిత్రంలో కొండ అడ్డుకోతగా ఉంటుంది. ఎత్తుకొక మొక్క పేరు చొప్పున కొండంతా పేర్లతో నిండి ఉంటుంది. చెట్లు ఎక్కడెక్కడ ఎందుకున్నాయని అడిగే శాస్త్రానికి అది తొలి అడుగుల్లో ఒకటి.

కారణం తేలికే. వెయ్యి మీటర్లు పైకి వెళితే వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. బోర్నియోలోని కినబాలు కొండ 4,095 మీటర్లు. దాని పాదాల దగ్గర ఆకాశాన్నంటే వాన అడవి చెట్లు. పైకి పోతే ఓక్ జాతి చెట్లు, ఇంకా పైకి పోతే సూదాకు చెట్లు, పొట్టి పొదలు. ఆ ఒక్క కొండ మీదే 5,000కు పైగా మొక్కల జాతులున్నాయి. ఎత్తు పెరిగే కొద్దీ చెట్టు పొట్టిదవుతుంది, ఆకు చిన్నదై మందమవుతుంది. మబ్బు నిత్యం తాకే ఎత్తులో కొమ్మల నిండా నాచు కప్పుకుంటుంది. అక్కడ వాన పడకపోయినా ఆకుల మీద చేరిన మంచు తేమ బొట్లు బొట్లుగా నేలకు దిగి వాగులకు నీళ్లవుతుంది.

మన తెలుగు కొండల సంగతి?

తెలుగు నేలలో అలాంటి మబ్బు అడవికి కొంత దగ్గరగా వచ్చేది తూర్పు కనుమల్లోని ఎత్తు కొండలే. అరకు వైపున్న జిందగడ శిఖరం 1,690 మీటర్లు. తూర్పు కనుమలన్నింటిలో ఎత్తయినదిగా దాన్నే చెబుతారు. చలికాలం లంబసింగిలో వేడి కొన్నిసార్లు సున్నాకు దగ్గరగా దిగివస్తుంది. మారేడుమిల్లి లోయల్లో ఏడాదిలో ఎక్కువ కాలం పచ్చగా ఉండే అడవి ఇప్పటికీ ఉంది.

అరకు, పాడేరు కొండల్లో ఇంకో మార్పు జరిగింది. కాఫీ మొక్కకు నీడ కావాలి. ఆ నీడ కోసం చాలా తోటల్లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన సిల్వర్ ఓక్ నాటారు. నిటారుగా పెరుగుతుంది, మిరియం తీగ పాకడానికి పనికొస్తుంది, గిరిజన రైతుకు ఆదాయం తెచ్చింది. కానీ పది పదిహేను రకాలుండే చోట ఒక్కటే రకం నిలిస్తే, వేర్వేరు నెలల్లో పూసే పూలు, వేర్వేరు నెలల్లో పండే పండ్లు తగ్గుతాయి. వాటి మీద ఆధారపడ్డ తేనెటీగలకూ పిట్టలకూ ఏడాదిలో కొన్ని నెలలు పస్తే. దూరం నుంచి చూస్తే కొండ పచ్చగానే ఉంటుంది. రకాల లెక్క ఎందుకు కావాలో ఇలాంటి చోట తెలుస్తుంది.

ఆదిలాబాద్‌లో ఎత్తు కాదు, నీరు చెబుతుంది

మన ఉత్తర తెలంగాణ గుట్టలు అంత ఎత్తయినవి కావు. ఇక్కడ చెట్లకు చోటు పంచేది నీరు, నేల. వాగు ఒడ్డున ఏరుమద్ది, నేరేడు ఉంటాయి. వేళ్లు తడిలోనే ఉంటాయి కాబట్టి ఎండాకాలంలోనూ వాటి కింద నీడ దొరుకుతుంది. కొంచెం పైకి, మంచి మట్టి ఉన్న వాలులో టేకు, నల్లమద్ది, ఏగి, జిట్రేగి. ఇంకా పైకి, మట్టి పలచబడి రాయి తేలిన చోట తిర్మన్, అందుగు. బండల నడుమ పగుళ్లలో తెల్లగా మెరిసే మొద్దుతో తపసి. మనుషులు తిరిగే చెలకల అంచున, గొడ్లు మేసే బీళ్లలో మోదుగ, తునికి.

కుంతాల జలపాతం దగ్గర కడెం వాగు లోయలోకి మెట్లు దిగేటప్పుడు గమనించండి. పైన ఎండిన ఆకులు కాళ్ల కింద గలగలలాడుతుంటాయి. కిందికి దిగేకొద్దీ గాలి చల్లబడుతుంది, ఆకుపచ్చ చిక్కబడుతుంది. హంబోల్ట్ వేల మీటర్లు ఎక్కి చూసిన మార్పు లాంటిదాన్ని ఇక్కడ కొన్ని మెట్లలోనే చూడవచ్చు. అయితే అక్కడ మార్పు తెచ్చింది చలి. ఇక్కడ తెచ్చింది తడి.

టేకు ఎండకు పుట్టిన చెట్టు

ప్రపంచంలో టేకు సహజంగా పుట్టి పెరిగే దేశాలు నాలుగే: భారత్, మయన్మార్, థాయిలాండ్, లావోస్. మిగతా చోట్ల కనిపించేదంతా మనుషులు నాటిందే. కవ్వాల్ పులుల అడవిలో సింహభాగం టేకుదే. ఈ అడవిని 1965లో వన్యప్రాణుల కోసం కేటాయించారు. 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది.

టేకు నీడను ఓర్వదు. నిండా ఎండ కావాలి. అందుకే ఏడాదంతా దట్టంగా ఉండే వాన అడవి లోపల అది మొలకెత్తి పైకి రాలేదు. ఎండాకాలంలో తన ఆకు తానే రాల్చుకొని, ఉన్న నీటిని మొద్దులో దాచుకొని, తొలకరితో చాటంత ఆకులు వేస్తుంది. లేత ఆకును అరచేతిలో నలిపితే చేయి ఎర్రగా పండుతుంది. అడవి పక్క ఊళ్ల పిల్లలకు ఇది తెలిసిన ఆటే.

ఇంకో విశేషం ఉంది. ఉష్ణదేశపు చెట్లలో చాలావాటికి ఏటేటి వలయాలు స్పష్టంగా పడవు. టేకుకు పడతాయి. వానలు బాగా కురిసిన ఏడు వలయం వెడల్పుగా, కరువు ఏడు సన్నగా ఉంటుంది. పాత టేకు మొద్దు అడ్డుకోత చూసి, వర్షమానం రాసుకోని కాలంలో ఏ ఏడు వానలెలా ఉన్నాయో శాస్త్రవేత్తలు అంచనా కడుతున్నారు.

టేకు ఎక్కడ ఆగుతుంది, సాల ఎక్కడ మొదలవుతుంది?

మన దగ్గర టేకుది పైచేయి అయితే, మధ్య భారతంలో తూర్పు వైపు సాల చెట్టుది పైచేయి. మన శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో దాన్ని గుగ్గిలం చెట్టు అంటారు. దాని బంకే మనం ధూపం వేసే గుగ్గిలం. ఈ రెండు అడవులూ కలుసుకునే చోట్లలో ఒకటి ఛత్తీస్‌గఢ్‌లో జగ్దల్‌పూర్ పక్కనున్న కాంగేర్ లోయ. అక్కడ ఒక వాలులో సాల, ఇంకో వాలులో టేకు కనిపిస్తాయి. మనుషులు గీసిన రాష్ట్రాల సరిహద్దు ఏదైనా, వానా మట్టీ కలిసి గీసిన చెట్ల సరిహద్దు వేరే ఉంది.

ఇంతకంటే చిన్న రాజ్యం ఎర్రచందనానిది. ప్రపంచం మొత్తంలో అది సహజంగా పెరిగేది శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే. ఆ కొండల్లో అది అంతరిస్తే మళ్లీ తెచ్చుకోవడానికి ఇంకో అడవి లేదు.

నల్లమద్ది మొద్దులో నీళ్ల కుండ

2024 మార్చిలో పాపికొండలు జాతీయ ఉద్యానంలో అటవీ సిబ్బంది ఒక నల్లమద్ది చెట్టు బెరడు మీద ఉబ్బిన చోట కత్తితో చిన్న గాటు పెట్టారు. కొళాయి తిప్పినట్టు నీళ్లు ధారగా చిమ్మాయి. ఆ దృశ్యం దేశమంతా చూసింది. అయితే అక్కడి ఆదివాసీలైన కొండరెడ్లకు ఇది ఎప్పటి నుంచో తెలిసిన సంగతే. ఎండాకాలం అడవిలో దాహమైతే ఏ చెట్టును అడగాలో వాళ్ల పెద్దలు నేర్పారు. అన్ని నల్లమద్దుల్లోనూ నీళ్లుండవు. ఉబ్బు చూసి గుర్తుపట్టాలి. సరదాకు గాటు పెడితే చెట్టుకు చేటు.

ఆ బెరడును దగ్గరగా చూడండి. మొసలి వీపులా పలకలు పలకలుగా చీలి ఉంటుంది. ఎండాకాలంలో నేల మీది ఆకులు అంటుకున్నప్పుడు ఈ మందపాటి పలకలు లోపలి జీవాన్ని కాపాడతాయి.

నల్లమద్ది, ఏరుమద్ది ఆకులు తిని దసలి పట్టు పురుగు గూడు కడుతుంది. చెన్నూరు వైపు అడవుల్లో రైతులు ఈ పురుగులను చెట్ల మీదే పెంచుతారు. పిట్టలు, చీమలు ఎత్తుకుపోకుండా పొద్దంతా కాపలా ఉంటారు. గోదావరికి దగ్గర్లోని మహదేవపూర్ నేతగాళ్ల చేతుల్లో ఆ పట్టుకాయల దారం చీరగా మారుతుంది. సహజమైన తేనెరంగు ఆ దారం సొంతం. మద్ది చెట్టు లేకపోతే ఆ మగ్గం లేదు.

నిర్మల్ బొమ్మ ఏ చెట్టు బిడ్డ?

నిర్మల్ కొయ్యబొమ్మలకు కావలసింది పొణికి కర్ర. రాతి గుట్టల వాలుల్లో పెరిగే చెట్టు ఇది. కర్ర తేలిక, మెత్తన. ఉలి ఆనిస్తే చాలు, పీచు లేవకుండా నున్నగా తెగుతుంది. బొమ్మ చేయీ కాలూ విడివిడిగా చెక్కి అతికిస్తారు. అతుకుల దగ్గర సందుల్లో రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి పూస్తారు. ఆరాక రుద్ది నునుపు చేసి రంగు వేస్తారు. అంతటి టేకు అడవి పక్కనే ఉన్నా టేకుతో ఆ బొమ్మ కుదరదు. అది బరువు, గట్టి. అడవిలో పొణికి తగ్గితే నిర్మల్‌లో ఉలి చప్పుడు తగ్గుతుంది. ఒక్క చెట్టు రకం మీద ఒక పట్టణం కళ ఆధారపడి ఉంది.

ఇప్ప రాత్రిపూట రాలుస్తుంది

ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఇప్ప ఆకు రాల్చి పూస్తుంది. పువ్వులు రాత్రి మొదలై తెల్లవారే దాకా రాలుతూనే ఉంటాయి. గోండు, కొలాం పల్లెల్లో ఆడవాళ్లూ పిల్లలూ చీకటి ఉండగానే గంపలతో బయల్దేరుతారు. ఆలస్యమైతే జింకలు, ఎలుగుబంట్లు తినేసి పోతాయి. కండగల ఆ పువ్వులో చక్కెర పాలు ఎక్కువ. ఎండబెడితే ఏడాదంతా నిలవ ఉంటుంది. గింజ నుంచి నూనె తీస్తారు. పోడు కొట్టి పొలం చేసుకున్నా నడుమ ఇప్ప చెట్టును మాత్రం నరకకుండా వదిలేయడం ఆదివాసీల ఆనవాయితీ. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పుడు ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తున్నారు. రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు అవి బలమైన తిండి.

తునికాకు కట్టలో యాభై

తునికి చెట్టు పండు తియ్యన, కర్ర నల్లన, ఆకు బీడీకి అనువు. మాఘ ఫాల్గుణాల్లో కొమ్మలు కొడతారు. వేసవిలో వచ్చే లేత చిగురు ఆకే బీడీకి పనికొస్తుంది. తెల్లవారుజామున కోసుకొచ్చి, ఇంటి ముందు కూర్చొని యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లంలో ఎండబెడతారు. అక్కడి నుంచి ఆ ఆకు కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్ల చాటల్లోకి చేరుతుంది. ఎండలు మండే, వ్యవసాయ పనులు లేని నెలల్లో ఆదివాసీ ఇంటికి చేతికొచ్చే పైకం ఇదే.

పక్కనే మోదుగ. ఆకు ఒక్కటీ లేకుండా రాల్చేసి, శివరాత్రి రోజుల నాటికి చెట్టంతా ఎర్రగా పూస్తుంది. ఆ పూల కోసం తేనెపిట్టలు, గోరింకలు వాలతాయి. ముక్కుకంటిన పుప్పొడి ఇంకో చెట్టుకు చేరుతుంది. వాసన లేని పువ్వు పిట్టలను పిలిచేది రంగుతోనే. ఆకు వచ్చాక విస్తరి, పువ్వు ఉడికిస్తే హోలీ రంగు.

రాజన్న బిల్వపత్రం, వంటింటి నిమ్మకాయ ఒకే కుటుంబం

వేములవాడ రాజరాజేశ్వరుడికి మారేడు దళం లేనిదే పూజ లేదు. ఆ మారేడు, నిమ్మ, నారింజ, వెలగ, కరివేపాకు అన్నీ ఒకే వృక్ష కుటుంబానికి చెందినవి. నమ్మకం కుదరకపోతే మారేడు ఆకును ఎండకు అడ్డంగా పట్టుకొని చూడండి. సూదిమొనతో పొడిచినట్టు సన్నని వెలుగు చుక్కలు కనిపిస్తాయి. అవి సువాసన నూనె తిత్తులు. నలిపితే వాసన వచ్చేది వాటి నుంచే. నిమ్మాకును పట్టి చూసినా అవే చుక్కలు. మన అడవుల్లో గట్టి కలపనిచ్చే బిల్లు చెట్టు కూడా ఈ కుటుంబంలోదే.

మారేడు ఎండు అడవి చెట్టు. ముళ్లతో పశువులను ఆపుకుంటుంది. రాయిలాంటి పెంకులో గుజ్జు, గుజ్జులో జిగురు సంచుల్లో గింజలు దాచుకుంటుంది. గుడి పుణ్యమా అని అది ఊళ్లోకి వచ్చింది. తెలంగాణ రాష్ట్ర వృక్షమైన జమ్మి దసరా పుణ్యమా అని ఊరి పొలిమేరలో నిలిచింది. భక్తి కాపాడిన రకాల జాబితా చిన్నది కాదు.

మర్రి కింద దేవుడి విడిది

మర్రి, రావి, మేడి, జువ్వి ఒకే ప్రజాతి చెట్లు. ప్రపంచంలో వీటిలో 750కి పైగా రకాలున్నాయి. వీటి పువ్వులు కాయ లోపలే ఉంటాయి. ఆవగింజ కంటే చిన్న కందిరీగ ఒకటి కాయ మొన దగ్గరి సన్నని రంధ్రం గుండా లోపలికి దూరి, పుప్పొడి అందించి, అక్కడే గుడ్లు పెడుతుంది. చాలావరకు ఒక్కో రకం చెట్టుకు ఒక్కో రకం కందిరీగ. చెట్టు పోతే కందిరీగ పోతుంది, కందిరీగ పోతే చెట్టుకు గింజ కట్టదు. ఇవన్నీ ఒకేసారి పండవు. ఒకటి అయ్యాక ఇంకొకటి పండుతూ, అడవిలో వేరే పండు లేని నెలల్లోనూ పిట్టలను, గబ్బిలాలను, కోతులను బతికిస్తాయి.

ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. గోండుల్లోని మెస్రం వంశీయులు కాలినడకన వెళ్లి గోదావరి జలం తెచ్చి, గుడికి వెళ్లే ముందు మర్రిచెట్ల కింద విడిది చేస్తారు. ఆ మర్రులు లేకుండా జాతరను ఊహించలేరు. అందుకే వాటి మీద గొడ్డలి పడదు.

మన కాళ్ల కింద ఇంకో అడవి ఉంది

బెల్లంపల్లి, మందమర్రి, రామగుండం గనుల్లో తవ్వే బొగ్గు ఒకప్పటి అడవే. అది 25 కోట్ల సంవత్సరాల కంటే పాతది. అప్పటికి టేకు లేదు, మద్ది లేదు, అసలు పూచే చెట్టే లేదు. అప్పుడు ఈ నేల దక్షిణ ధ్రువం వైపు, చల్లని చోట ఉండేది. నాలుక ఆకారపు ఆకులున్న గ్లోసోప్టెరిస్ అనే చెట్లు చిత్తడి నేలల్లో దట్టంగా పెరిగేవి. ఆ ఆకుల ముద్రలు మన దగ్గరే కాదు, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియాల్లోనూ ఉన్నాయి.

1912లో దక్షిణ ధ్రువం చేరి తిరిగి వస్తూ మంచులో ప్రాణాలు విడిచిన కెప్టెన్ స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్లు దొరికాయి. వాటిలో గ్లోసోప్టెరిస్ ముద్రలున్నాయి. ఆకలితో, చలితో నడవలేని స్థితిలోనూ వాళ్లు ఆ రాళ్లను పారేయలేదు. ఆ ఖండాలన్నీ ఒకప్పుడు ఒకే నేల అనడానికి ఆ ఆకు సాక్ష్యమైంది. ఇంకో సంగతి: ఆ చెట్టు కూడా ఏటేటా ఆకు రాల్చేదని శిలాజాలు చెబుతున్నాయి. ఈ నేల మీద ఆకు రాల్చి బతికే విద్య అంత పాతది.

ఇంతకూ మనమేం చేయాలి?

తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం పథకంతో పల్లెపల్లెకూ నర్సరీ వచ్చింది. మొక్క నాటడం ఊరి పండుగ అయింది. ఇది మంచి మాట. ఇప్పుడు రెండో ప్రశ్న అడగాలి: ఎన్ని నాటాం అన్నది తెలుసు, ఎన్ని రకాలు నాటాం? త్వరగా పెరిగే నాలుగైదు రకాలే వరసగా పెడితే నీడ వస్తుంది కానీ అడవి రాదు. పట్టు పురుగుకు మద్ది కావాలి, ఉలికి పొణికి కావాలి, ఎలుగుకు ఇప్ప కావాలి, గబ్బిలానికి మర్రి కావాలి. వీటిలో ఏ ఒక్కటీ రెండోదాని పని చేయదు.

పెద్ద నర్సరీల్లో దొరకని రకాలకు గింజలు మనమే ఏరుకోవచ్చు. కిటుకులు కష్టమైనవి కావు. ఇప్పగింజ నిలవ ఉండదు. తొలకరి వేళ రాలిన వెంటనే సంచిలో పెట్టాలి. కొన్ని వారాలు ఆలస్యమైతే మొలవదు. వేప గింజదీ అదే తీరు. టేకు కాయ పెంకు గట్టిది. కొన్ని రోజుల పాటు ఒకసారి నానబెట్టి, ఒకసారి ఎండబెట్టి, ఇలా మార్చి మార్చి చేస్తే పెంకు వదులై మొలక వస్తుంది. మారేడు గింజకు గుజ్జు జిగురు పూర్తిగా కడిగి ఆరబెట్టాలి. నల్లమద్ది కాయకు ఐదు రెక్కలుంటాయి. అవి ఎండి రాలే వేసవి మొదట్లోనే ఏరుకొని వానలదాకా పొడిచోట దాచాలి.

ఊరి బడి ఆవరణలోనో, చెరువు కట్ట మీదో, గుడి మాన్యంలోనో పది మొక్కల చోటుంటే పది రకాలు పెట్టండి. పక్కన పేరు రాసిన పలక పాతండి. ఏ పేరు తెలియకపోయినా, పశువులు కాసే పెద్దాయననో, తునికాకు ఏరే అమ్మనో అడగండి. చెట్టు పేరు, అది ఎక్కడ పెరుగుతుందో, దేనికి పనికొస్తుందో వాళ్లు చెబుతారు. రకాల లెక్క ఆ పేర్లతోనే మొదలవుతుంది.